వెనక బ్రేకు

వెనక చక్రం మీద రెండో చెంబు మంచినీళ్ళు పోసి, లక్ష్ముడు బొటనవేలితో టైరు నొక్కి చూశాడు. గాలి సరిపోయింది. చేపల లోడు ఎక్కితే టైరు చదునవుతుంది కాబట్టి, ఖాళీ బండికి అది రాయిలా ఉండాలి. తర్వాత చైను కింద వేలు పెట్టి పైకెత్తాడు. ఉండాల్సినంత వదులే ఉంది. చేపల తొట్టి నుంచి కారే ఉప్పునీళ్ళు రోజంతా చైను మీదా చువ్వల మీదా పడుతుంటాయి. కళింగపట్నంలో చేపలు మోసే మోపెడ్‌కి ఇంజను కంటే ముందు చక్రాలు పోతాయి. అందుకని అతను పొద్దున్నే మొహం కడుక్కోకముందే బండిని కడుగుతాడు. గుడ్డతో తుడిచి చైనుకి ఆయిలు బొట్లు వేస్తాడు.

ఇంకా పూర్తిగా తెల్లారలేదు. సరుగుడు చెట్ల వెనక సముద్రం తన పని తాను చేసుకుంటున్నట్టు ఒకే మాదిరిగా మోగుతోంది. లక్ష్ముడు బండిని తొక్కి స్టార్టు చేసి, హెడ్‌లైటు ముందు అరచెయ్యి పెట్టి వెలుగు చూసుకున్నాడు. హారను నొక్కాడు. అది ఎప్పటిలాగే జలుబు చేసిన కాకిలా అరిచింది. ఇంజను ఆపి, ముందు చక్రాన్ని రెండు కాళ్ళ మధ్య ఇరికించి హ్యాండిలు అటూ ఇటూ తిప్పాడు. ఎక్కడా లొడలొడ లేదు.

చివరికి వెనక బ్రేకు మిగిలింది. దాన్ని చూడడానికి మనసొప్పకే అతను మిగతావన్నీ ముందు చూసుకుంటాడు.

పానా పట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. బ్రేకు వైరు చివర, చక్రం పక్కన, ఒక చిన్న నట్టు ఉంటుంది. దాన్ని బిగిస్తే హ్యాండిలు దగ్గర లివరును కొంచెం నొక్కినా బ్రేకు పడుతుంది. బ్రేకు లైనర్లు అరిగినకొద్దీ ఆ నట్టు బిగిస్తూ పోతారు. మరలు అయిపోయాయంటే కొత్త లైనర్లు వేయించాలి. లక్ష్ముడి బండికి దసరా ముందే కొత్తవి వేశారు. అవి అరగలేదు. అయినా ఆ నట్టు మరల చివరికంటా వచ్చేసింది. ఇంక అది తిరగడానికి ఒక చుట్టు కూడా మిగల్లేదు. అతను పానా పెట్టి బలంగా తిప్పాడు. నట్టు కదల్లేదు.

లేచి ఎడమ చేత్తో లివరు పట్టుకుని నొక్కాడు. చూపుడు వేలూ మధ్య వేలూ మాట విన్నాయి. మిగతా రెండు వేళ్ళూ లివరు మీద ఉన్నాయి కానీ నొక్కడం లేదు. వానలు పడే రోజుల్లో ఒక పొద్దున్న లేచేసరికి ఆ వేళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి. వాతం అనుకున్నాడు. తిమ్మిరి పోలేదు, పట్టు పోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చేతిలో పట్టు తగ్గినంత మేర నట్టు బిగిస్తూ వచ్చాడు.

మరిడమ్మ టీ గ్లాసుతో బయటికి వచ్చింది. ఉప్పు పట్టి తెల్లబారిన చేతులు, నడుముకి బిగించిన పాత చీర. అప్పటికే ఒడ్డున ఎండుచేపలు తిరగేసి వచ్చింది.

"ఇంకా ఎంతసేపు బిగిస్తావు మావా? మేకేటైనా దిగ్గొడతన్నావేటి?"

"బ్రేకు ఒదులైంది."

"నిన్నా ఒదులే, మొన్నా ఒదులే. ఆ జగన్నాధం ఏటి బాగుసేసినట్టు మరి?"

"ఆడి తప్పు నేదు. ఉప్పునీలు."

మరిడమ్మ గ్లాసు అందించి అక్కడే నిలబడింది. "ధనరాజు మల్లీ అడిగినాడు. నువ్వు మానేస్తే పై ఊల్లకి ఆడెల్తాడంట. నీ తమ్ముడి కొడుకే గదా, పరాయోడా? నువ్వు నా కాడ ఎండుసేపలు సూసుకుంటా కూకో."

"ఆడి బండికి హారను తప్ప అన్నీ మోగతాయి. ముందు అయి బిగించుకోమను."

ఆమె నవ్వింది కానీ ఆ నవ్వు మొహమంతా పాకలేదు. లోపలికి వెళ్తూ, "మానేస్తే ఎవలూ ఏటీ అనరు," అంది.

ఎవరూ ఏమీ అనకపోవడమే అతనికి తెలిసిన కష్టం. లక్ష్ముడిది వేటకి వెళ్ళే కుటుంబం. తండ్రీ, అన్నా, మేనమామలూ అందరూ సముద్రం మీద బతికినవాళ్ళే. అతనూ మీసాలు రాకముందే తెప్ప ఎక్కాడు. ఒక తుఫాను కాలంలో అన్న ఎక్కిన తెప్ప ఒడ్డుకి కనిపించేంత దూరంలోనే తిరగబడింది. ఆ తర్వాత లక్ష్ముడి కాళ్ళు మళ్ళీ తెప్ప ఎక్కలేదు. ఎక్కమని ఎవరూ బలవంతం చెయ్యలేదు. పిరికివాడని కూడా అనలేదు. రేవులో చేపల వేలంపాట జరిగేటప్పుడు మగవాళ్ళు గుంపుగా నిలబడితే అతని కోసం ఎవరూ జరిగి చోటివ్వలేదు, అంతే. అతను కావిడి భుజాన వేసుకుని పై ఊళ్ళకి చేపలు మోయడం మొదలుపెట్టాడు. కావిడి పోయి సైకిలు వచ్చింది, సైకిలు పోయి మోపెడ్ వచ్చింది. కుడి భుజం మీద కావిడి కాయ మాత్రం అలాగే ఉండిపోయి, చొక్కా ఆ పక్కన కొంచెం ఎత్తుగా కనిపిస్తుంది. కొడుకు రాముడు గుజరాత్ రేవుల్లో పెద్ద బోట్ల మీద పనికి పోయాడు. సముద్రమంటే రాముడికేమీ భయం లేదు. నెలల తరబడి ఆ బోట్లలోనే ఉంటాడు.

పై ఊళ్ళలో లక్ష్ముడికి పేరుంది. హారను వినపడగానే "లక్ష్ముడొచ్చేడు" అని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి కేక వెళ్తుంది. ఆ కేక విని పొయ్యి మీద చింతపండు పులుసు పెట్టే ఇళ్ళున్నాయి. అక్కడ అతను వేటకి వెళ్ళనివాడు కాడు, చేపలు తెచ్చేవాడు. ఈ తిరుగుడు ఆగిపోతే తనకి మిగిలేది రేవులో ఎవరూ జరిగి ఇవ్వని ఆ చోటే. అందుకని ఆ రెండు వేళ్ళ సంగతి ఎవరికీ తెలియకూడదు.

టీ తాగి, ఇంకోసారి పానా పెట్టి చూశాడు. నట్టు కదల్లేదు.

రేవులో ఆ రోజు వలలకి కవళ్ళు బాగా పడ్డాయి. కానాగంతలు కొన్ని, నెత్తళ్ళు ఒక బుట్ట. తొట్టిలో అడుగున ఐసు ముక్కలు పరిచి, పైన చేపలు, మళ్ళీ ఐసు వేసి, గోనె కప్పి తాడుతో బిగించాడు. తాడు ముడి కుడి చేత్తోనూ పళ్ళతోనూ వేశాడు. పళ్ళతో ముడెయ్యడం కూడా కొత్త అలవాటే. పక్కన బోటు వలలు సర్దుతున్నవాళ్ళు అతని వైపు చూడలేదు. చూడకపోవడం ఆ పూట మేలే అయింది.

రోడ్డెక్కిన కాసేపటికే బండి బరువుగా నడవడం మొదలుపెట్టింది. యాక్సిలేటరు ఎంత తిప్పినా గొంతు పెంచుతోంది కానీ కాలు సాగడం లేదు. బ్రేకు అతిగా బిగిస్తే లైనర్లు డ్రమ్ముకి రాసుకుంటూ, చక్రాన్ని ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు ఉంటుంది. అది అతనికి తెలియనిది కాదు. జీడితోటలు దాటేసరికి కాలిన వాసన వచ్చింది. బండి ఆపి, తొట్టి కింది నుంచి కారే ఐసునీళ్ళు దోసిట పట్టి డ్రమ్ము మీద చల్లాడు. అది చుయ్యిమంది. వేడి తగ్గేదాకా అక్కడే నిలబడ్డాడు. పొలాల్లో నీళ్ళ మీద కొంగలు వాలి ఉన్నాయి. వంశధార మీది నుంచి వచ్చే గాలి చల్లగా ఉంది. ఆ గాలికి డ్రమ్ము త్వరగానే చల్లారింది.

నట్టు కొంచెం వదులు చేస్తే బండి తేలిగ్గా పోతుంది. వదులు చేస్తే రెండు వేళ్ళతో బ్రేకు పడదు. అతను పానా బయటికి తీసి, మళ్ళీ సీటు కింద పెట్టేశాడు.

మొదటి ఊళ్ళు గడిచిపోయాయి. అవి చదును ఊళ్ళు. లోడున్న బండికి స్టాండు వెయ్యడం చేపలవాళ్ళకి అలవాటు లేదు. మట్టి వీధిలో స్టాండు దిగబడి, తొట్టి బరువుకి బండి ఒరిగిపోతుంది. సీటు మీదే కూర్చుని, రెండు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి, ఎడమ చేత్తో వెనక బ్రేకు పట్టుకుంటారు. ఆడవాళ్ళు వెనక నిలబడి తొట్టిలో చేపలు ఏరుకుంటారు. కుడి చెయ్యి కాటాది, ఎడమ చెయ్యి బ్రేకుది. లక్ష్ముడు ఇన్నేళ్ళూ అలాగే అమ్మాడు. చదును ఊళ్ళలో కాళ్ళ బలంతోనే బండి ఆగుతుంది, చేతికి పెద్ద పని లేదు.

శాలిహుండం కొండ వైపు ఊరు అలాంటిది కాదు. అక్కడ వీధి ఎత్తుకి పోతుంది. ఆ ఎత్తు మీద, వీధి సగంలో, జగ్గమ్మ ఇల్లు. రైతు కుటుంబం. కావిడి మోసిన రోజుల నుంచీ లక్ష్ముడి దగ్గరే చేపలు కొంటోంది. వయసుకి నడుం వంగింది కానీ నోరు వంగలేదు. హారను విని గిన్నె పట్టుకుని గుమ్మంలో సిద్ధంగా ఉంటుంది. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఏదో గొణుక్కుని, అప్పుడు తొట్టిలో చెయ్యి పెడుతుంది. వయసు మళ్ళినవాళ్ళ తిరుగుడు అనుకునేవాడు లక్ష్ముడు.

ఆ పూట గుమ్మంలో జగ్గమ్మ లేదు. కోడలు ఝాన్సీ వచ్చింది, చంకలో ఇంకా నడక స్థిరపడని కూతురుతో.

"మీ అత్తేదమ్మా?"

"పెరట్లో గేదె ఈనతన్నాది మావయ్యా. అత్త కదల్నంటన్నాది. నన్నే సూసి తెమ్మంది. ఇయి నిన్నటివి కాదుగదా?"

"నిన్నటివైతే నా మొగమే సెప్పేస్తాదమ్మా. సూసుకో."

"నీ మొగం రోజూ ఒకేలాగుంటాది."

అతను నవ్వి, కాటా తీశాడు. ఝాన్సీ పిల్లని దింపి గోనె పక్కకి తీసింది. కవళ్ళు ఒక్కొక్కటీ వేళ్ళతో నొక్కి చూస్తోంది. పిల్ల వెనక చక్రం దగ్గర కూలబడి, తొట్టి నుంచి బొట్లు బొట్లుగా పడే నీళ్ళని అరచేత్తో పట్టుకుంటోంది. అది చూసి లక్ష్ముడు లివరును ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకున్నాననే అనుకున్నాడు.

కాళ్ళ కింద నేల ముందుకి కదిలినట్టయింది. ఏమిటా అని చేతివైపు చూసుకున్నాడు. వేళ్ళు లివరు మీద విప్పి ఉన్నాయి, నిద్రలో ఉన్నవాడి వేళ్ళలాగా. కాళ్ళు తన్నిపెట్టాడు, మట్టి మీద చెప్పులు జారాయి. కుడి చేతిలోని కాటా వదిలేసి ముందు బ్రేకు పట్టాడు. బరువంతా వెనక ఉండడంతో ముందు చక్రం నేలని పట్టుకోలేక జారింది. బండి పిల్లవైపే పోతోంది. ఇంక చెయ్యగలిగింది ఒక్కటే కనిపించింది. ఒళ్ళంతా ఎడమవైపు విసిరేసి, బండిని తన మీదికి పడేసుకున్నాడు.

తొట్టి బోర్లాపడింది. ఐసూ చేపలూ వీధంతా జారాయి. లక్ష్ముడి కాలు బండి కింద ఉంది. తల తిప్పి చూస్తే, పిల్ల చేపల మధ్యలో కూర్చుని ఉంది. ఒక కవళ్ళ చేపని తోక పట్టుకుని ఎత్తి చూస్తోంది. వెనక చక్రం పిల్ల పాదానికి చెయ్యెడు దూరంలో ఇంకా తిరుగుతోంది.

ఝాన్సీ పిల్లని లాక్కుని గుండెకి హత్తుకుంది. చప్పుడు విని పెరట్లోంచి జగ్గమ్మ వచ్చింది, చేతులకి గడ్డి అంటుకుని ఉండగా. బండినీ, లక్ష్ముణ్ణీ, పిల్లనీ చూసి, కోడలి మీదికి తిరిగింది.

"ఇటుక పెట్టలేదేటే?"

"ఇటుకేటత్తా?"

"బండి ఎనకాల ఇటుక. రోజూ పెడతానుగదే. ఓలమ్మ, నీకు సెప్పడం మర్సిపోనాను."

లక్ష్ముడు బండి కింద నుంచి కాలు లాక్కుంటూ ఆ మాట విన్నాడు. గోడవార ఒక సగం ఇటుక ఉంది. దాని ఒక అంచున టైరు నలుపు అంటి ఉంది. ఒక్కరోజు రాపిడికి అంటుకునే నలుపు కాదది.

చుట్టుపక్కల ఆడవాళ్ళు చేరారు. ఇద్దరు బండి లేపారు. ఇంకొకామె పిల్ల ఒళ్ళంతా తడిమి చూసి, "ఏటీ అవనేదు, సల్లగుంది" అంది. జగ్గమ్మ అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి, గీసుకుపోయిన మోకాలి మీద నీళ్ళు పోసింది.

"ఎప్పట్నించి పెద్దమ్మా?" అన్నాడు లక్ష్ముడు.

"ఏటి?"

"ఇటుక."

జగ్గమ్మ చెంబు కింద పెట్టింది. "వానలప్పట్నించి. ఓ రోజు నీ ఏల్లు బ్రేకు మీద ఒదులైపోతంటే సూసినాను. బండి ఎనక్కొస్తన్నాది, నీకే తెల్డం నేదు."

"నాకెందుకు సెప్పనేదు?"

"సెప్తే నువ్వు సిగ్గుపడి ఈ ఊరు రావడం మానేస్తావురా. నువ్వు మానేస్తే మాకు బజార్లో ఆ అయిస్కిరీము పెట్టెలో నిలవుంచిన సేపలే గతి." ఆమె గోడవారకి చెయ్యి చూపింది. "ఇటుకకేటి, బరువా? సేత్తో పెట్టక, కాల్తో తోసీదాన్ని."

ఝాన్సీ గుమ్మంలో కూర్చుని పిల్ల కాళ్ళకంటిన పొలుసులు చీరకొంగుతో తుడుస్తోంది. ఆమె లక్ష్ముణ్ణి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది అతనికి. తల ఎత్తకుండానే ఆమె, "కాలు నొప్పిగుందా మావయ్యా?" అని అడిగింది. అతను మొహం అవతలికి తిప్పుకున్నాడు.

ఆడవాళ్ళు చేపలన్నీ బోరింగు దగ్గర కడిగి, గిన్నెల్లో పోసుకున్నారు. మట్టి అంటినవని ఎవరూ బేరం ఆడలేదు. తొట్టి ఖాళీ అయింది. జగ్గమ్మ పెరట్లోకి పోతూ పోతూ వెనక్కి తిరిగి, "దూడ పుట్టింది. రేపు జున్ను పాలిస్తాను, ఓ సీసా తెచ్చుకో" అంది.

లక్ష్ముడు బండి స్టార్టు చెయ్యలేదు. పక్కన నడుస్తూ, కుడి చెయ్యి ముందు బ్రేకు మీద పెట్టుకుని, ఎత్తంతా దింపాడు. అక్కడి నుంచి పెద్దరోడ్డు దాకా తోసుకుంటూనే వెళ్ళాడు. ఇంకా వెళ్ళాల్సిన ఊళ్ళు అవతలి పక్క ఉన్నాయి. ఈ వేళకి వాళ్ళు హారను కోసం చూస్తుంటారు.

జగన్నాధం షాపు రోడ్డు మలుపులో ఉంది. రేకుల పందిరి, గొలుసులకి వేలాడే టైర్లు, కిరసనాయిలు పళ్ళెంలో నట్లు. అక్కడ రోడ్డు అంచు వాలుగా దిగుతుంది కాబట్టి, మట్టి కొట్టి చదును చేసిన చోట బళ్ళు ఆపుతారు. లావుపాటి మనిషి జగన్నాధం, కూర్చున్న చోటు నుంచి లేవడం ఇష్టముండదు. లక్ష్ముడు బండి తోసుకుని రావడం చూసి లేచాడు.

"ఏటి మావా, పెట్రోలైపోయిందా?"

"నేదు."

జగన్నాధం బండి చుట్టూ తిరిగాడు. వంగిన కాలి రాడు చూశాడు. వెనక డ్రమ్ము మీద చెయ్యి వేసి చటుక్కున తీశాడు. నట్టు చూశాడు. దాని మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉన్నాడు.

"మావా, ఓ మాట అడగతాను. నాను వొదులు సేసి పంపిస్తన్నాను. నువ్వు ఇంటికెల్లి బిగిస్తన్నావు. మల్లీ నా దగ్గిరికొచ్చి బండి లాగడం నేదంటన్నావు. మనిద్దరం ఈ నట్టుతో ఏటాటాడతన్నాం?"

లక్ష్ముడు స్టూలు మీద కూర్చున్నాడు. తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"బ్రేకు బాగానే ఉన్నాది," అన్నాడు. "సెయ్యే బాగోనేదు."

ఎడమ చెయ్యి చాచి చూపించాడు. ముడవమంటే రెండు వేళ్ళు ముడుచుకున్నాయి, రెండు ఉండిపోయాయి. జగన్నాధం గ్రీజు చేతులతోనే ఆ చెయ్యి అందుకుని, ఒక స్పేరు పార్టును చూసినట్టు తిప్పి తిప్పి చూశాడు. లక్ష్ముడు కొండ వైపు ఊళ్ళో జరిగింది చెప్పాడు. ఇటుక సంగతి కూడా చెప్పాడు. పిల్ల పాదం దగ్గర చక్రం తిరగడం చెప్పేటప్పుడు ఎంత దూరమో చేత్తో చూపించాడు.

"బండికైతే రోజూ పొద్దున్నే అన్నీ సూస్తావు. సేతికి సూసుకోవా? డాకటేరుకి సూపించినావా?"

"సేతికి నట్టుంటే బిగించుకుందును."

జగన్నాధం నవ్వలేదు. "రేపు సికాకుళం ఎల్లు, పెద్దాసుపత్రికి. ఒట్టెయ్యి."

"ఎల్తాను. బండి ధనరాజుకి ఇచ్చేస్తాను. మా మరిడమ్మ అదే అంటన్నాది. ఇంక నాను తిరక్కూడదు."

జగన్నాధం హ్యాండిలు ముందు గొంతుక్కూర్చున్నాడు. కుడి లివరు వెనక వైరు చూశాడు, ఎడమది చూశాడు. "కుడి సెయ్యి బాగానే ఉందిగదా?"

"ఉన్నాది."

"రెండు బ్రేకులూ కుడి లివరుకే కట్టెయ్యొచ్చు. కాళ్ళూ సేతులూ సరిగ్గా నేనోళ్ళ బళ్ళకి సేస్తారు. నాను ఇంతకుముందు సేసినాను. ఎడమ పక్క లివరే ఉండదు. ఆ సెయ్యి ఊరికే పట్టుకుని కూకుంటే సాల్ను. లోడు తగ్గించు, ఎత్తు మీద ఆగకు, కిందే ఆగి పిలు. ఆల్లే దిగొస్తారు. ఇటుక పెట్టినోళ్ళు దిగి రారేటి?"

లక్ష్ముడు అతనివైపు చూశాడు. తువ్వాలు మడతపెట్టాడు, విప్పాడు.

"అలగైతే ఎల్లొచ్చంటావా?"

"డాకటేరు ఎల్లమంటేనే. రేపు ఆసుపత్రికెల్లి, వస్తా వస్తా ఇటు రా. బండి రడీగుంటాది."

చాలా ఏళ్ళ తర్వాత లక్ష్ముడు ఆటోలో ఇంటికెళ్ళాడు. అందరి మోకాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చుంటే, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. జీడితోటలు, చెరువులు, సరుగుడు చెట్లు పక్క నుంచి వెనక్కి పోతున్నాయి. తను నడిపేటప్పుడు వాటిని ఎప్పుడూ ఇంత తీరిగ్గా చూడలేదు.

మరిడమ్మ ఒడ్డున నెత్తళ్ళు తిరగేస్తోంది. బండి లేకుండా నడిచి వస్తున్న మనిషిని చూసి చేతిలో చీపురు వదిలేసింది. అతను జరిగింది దాచకుండా చెప్పాడు. చెయ్యి సంగతి చెప్పబోతే ఆమె అడ్డుపడింది.

"తెల్సు."

"నీకూ తెల్సా?"

"ఒకే మంచం మీద పడుకుంటన్నాం. నాకు తెల్దేటి?"

పొద్దున టీ గ్లాసు ఆమె అతని కుడి చేతి వైపు నుంచి అందించిందని లక్ష్ముడికి అప్పుడు గుర్తొచ్చింది. నిన్న కూడా అటు నుంచే. ఎప్పటి నుంచి అలా అందిస్తోందో ఎంత ఆలోచించినా తట్టలేదు.

"జగన్నాధం బ్రేకు మారుస్తానన్నాడు. రెండూ కుడి పక్కకి." అతను ఆమె మొహం చూడకుండా సముద్రం వైపు చూస్తూ అన్నాడు. "ఎల్లొద్దంటే ఎల్లను."

మరిడమ్మ చీపురు తీసుకుని మళ్ళీ నెత్తళ్ళ మీద వంగింది. కొన్ని తిరగేసింది. "డాకటేరు ఎల్లమంటే ఎల్లు. ఆ కొండ ఊల్లో మాత్రం దిగువనే ఆగు. పిల్లలుంటారు."

"దిగువనే ఆగతాను."

"తొంగో కాసేపు. మొగం పీక్కుపోయింది. పొద్దు దిగినాక లేపుతాను."

ఇంటి పక్క నీడలో చాప వేసుకుని, కుడి చెయ్యి తల కింద పెట్టుకుని పడుకున్నాడు. గాలి ఉంది. కాసేపు అతను కళ్ళు తెరిచే ఉన్నాడు. ఒకసారి, "మరిడీ, సిన్న సీసా ఉంటే కడిగి పెట్టు. జున్ను పాలిస్తానన్నాది" అన్నాడు. ఆమె సరేనంది. తర్వాత మాట్లాడలేదు. నిద్రపోయాడనుకుని, ఆమె చప్పుడు కాకుండా పని చేసుకుంది. కాకులు ఎండుచేపల మీద వాలితే కూడా కేక వెయ్యకుండా కర్ర ఊపింది.

ఎండ ఇళ్ళ వెనక్కి వెళ్ళాక, టీ పెట్టుకుని వచ్చి పిలిచింది. మళ్ళీ పిలిచింది. చాప పక్కన కూర్చుని అతని ఎడమ చెయ్యి పట్టుకుంది. అది ఎప్పటిలాగే వదులుగా ఉంది. అప్పుడు కుడి చెయ్యి పట్టుకుంది. అదీ వదులుగానే, చల్లగా ఉంది. గ్లాసు నేల మీద పెట్టి, అతని చొక్కా మీద ఎండిపోయిన పొలుసులు ఒక్కొక్కటే ఏరుతూ కూర్చుంది. తర్వాతే ఎవరినైనా పిలవాలని తోచింది.

రాముడికి ఫోను కలవలేదు. బోటు సముద్రం మీద ఉందన్నారు. ధనరాజు వచ్చాడు. రేవు నుంచి మగవాళ్ళు వచ్చి ఇంటి ముందు నిలబడ్డారు, కొత్తగా వచ్చేవాళ్ళకి జరిగి చోటిస్తూ.

మలుపులోని షాపులో జగన్నాధానికి ఆ కబురు అందలేదు. వెలుగుండగానే పని పూర్తి చెయ్యాలని అతను మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. ఎడమ లివరు విప్పేశాడు. రెండు వైర్లనీ కుడి పక్కకి తెచ్చాడు. వెనక నట్టును సగం దాకా వదులు చేశాడు. చక్రం చేత్తో తిప్పితే గలగలా తిరిగింది. లివరు నొక్కితే టక్కున ఆగింది. అది చాలు. అయినా చేపలు తూచేటప్పుడు కుడి చేతిలో కాటా ఉంటుందని గుర్తొచ్చింది. పాత సైకిలు ట్యూబు ఒకటి తీసి, గాజంత వెడల్పున ముక్క కోశాడు. దాన్ని హ్యాండిలుకి తొడిగి, లివరు నొక్కి దాని మీదికి లాగాడు. చెయ్యి తీసేశాడు. లివరు నొక్కినట్టే ఉండిపోయింది. రోడ్డు అంచున, వాలు మీద, స్టాండు వెయ్యకుండా బండి నిలబెట్టి వెనక నుంచి కాలితో తోసి చూశాడు. కదల్లేదు. లక్ష్ముడికి రేపు చూపించాలని దాన్ని అలాగే గోడకి ఆనించి షాపు మూశాడు.

మర్నాడు పొద్దున ఆటోవాడు ఆ కబురు చెప్పి వెళ్ళాడు. జగన్నాధం తాళం చెవి చేతిలో పట్టుకుని బండి దగ్గర నిలబడ్డాడు. మంచు పడి సీటు తడిగా ఉంది. హ్యాండిలు కుడి కొసన ఆ నల్లటి రబ్బరు ముక్క లివరును గట్టిగా పట్టుకునే ఉంది.